కళ్ళకద్దుకోవడం మానుకున్న ఏడాది

పోయిన వారం కావలి నుంచి ఒకావిడ నన్ను వెతుక్కుంటూ బిట్రగుంట వచ్చింది. మద్రాసు నుంచి పిలుపు రాగానే వాళ్ళాయనకు అక్కడ కంటి ఆపరేషనట. నాకు చేసినట్టే, చనిపోయిన మనిషి కంటి మీది అద్దంలాంటి పొర తీసి ఆయన కంటికి అతికిస్తారు. "ఇంటికొచ్చినాక ఏమేం చెయ్యగూడదో చెప్పు తల్లీ" అంది. ఆ జాబితా నాకు నోటికి వచ్చు. తలమీద నీళ్ళు పోసుకోకూడదు. పొయ్యి దగ్గర కూర్చోకూడదు. కాటుక పెట్టకూడదు. చెంగుతో కన్ను తుడవకూడదు. గాలికి, దుమ్ముకి అద్దాలు లేకుండా పోకూడదు. మరిగించని నీళ్ళు కంటికి తగలకూడదు. అన్నీ చెప్పాను.

ఆవిడ శ్రద్ధగా విని, "ఇయ్యన్నీ నువ్వు పాటించినావా?" అని అడిగింది.

"అన్నీ పాటించాను. అయినా కన్ను పోగొట్టుకోబోయాను."

"అదెట్టా?"

చెప్పేసరికి సాయంకాలం బండి వేళయింది. ఆవిడ వెళ్ళిపోయాక, ఇలాంటి వాళ్ళు ఇంకా ఉంటారు కదా, కాగితం మీద పెడదామనిపించింది. పాప నిద్రపోయాక రోజుకొక గంట రాస్తున్నాను. దీపం కింద అంతకు మించి రాయవద్దని డాక్టరుగారి ఆజ్ఞ.

1960, కోతల కాలం

మా అత్తవారిది అల్లూరు. నేను మద్రాసులో జంతుశాస్త్రం తీసుకుని బి.యస్సీ. చదివాను గానీ, వడ్లు తూర్పారబట్టడం దగ్గరగా చూసింది పెళ్ళయ్యాకనే. అప్పుడు నాకు ఐదో నెల. చేటలోంచి గింజ నిలువుగా పడిపోతుంటే పొట్టు మాత్రం పక్కకు ఎందుకు పోతుందా అని, గాలికి ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. చదువుకున్న దానికి ఆపాటి తెలియలేదు. ఎడమ కంట్లో ఊక పడింది.

నాకున్నది ఆ ఒక్క కన్నే. కుడి కన్ను ఆరో ఏట అమ్మవారు పోసినప్పుడే పోయింది. దానికి పగలో రాత్రో తెలుస్తుంది, అంతే.

అందరూ తమకు తెలిసిన మేలు చేశారు. మా అత్తగారు నందివర్ధనం పూలు కంటిమీద పరిచి గుడ్డ కట్టింది. పక్కింటి బాలింతరాలు రెండు చుక్కల చనుబాలు పిండింది. నెల్లూరు డాక్టరు దగ్గరికి వెళ్ళేసరికి వారం దాటింది. నల్లగుడ్డు మీద తెల్లగా పువ్వు వేసిందన్నారు.

పద్మ పుట్టినప్పుడు నాకు తెలిసింది ఒక వెచ్చటి బరువు, ఒక పాలవాసన. "అచ్చం నాయనమ్మ పోలికే" అని ఎవరో అనేవాళ్ళు. నేను వేలితో దాని ముక్కు తడిమి, తర్వాత ఏదో వంక పెట్టుకుని మా అత్తగారి ముక్కు తగిలేలా చూసుకునేదాన్ని. పోలిక వేళ్ళకు తెలుస్తుందో లేదో చూద్దామని.

1962, మాఘమాసం

కన్ను దొరికిందని మద్రాసు ఆసుపత్రి నుంచి తంతి వచ్చిన రోజు మా ఆయన లోకోషెడ్డులో టైము ఆఫీసు నుంచి పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఆ మధ్యాహ్నమే రైలెక్కాం. ఎవరో చనిపోయారు, నాకు సంతోషంగా ఉంది. ఈ రెండూ ఒకేసారి మనసులోకి వచ్చినందుకు గూడూరు దాటేదాకా కొంగు ముఖం మీదికి లాక్కుని కూర్చున్నాను.

ఆపరేషన్ తర్వాత రెండు కళ్ళకూ కట్టు కట్టారు. తల కదలకుండా రెండు వైపులా ఇసుక సంచులు పెట్టారు. దగ్గకూడదు, తుమ్ము వస్తే నోరు తెరవాలి. పక్క మంచం మీద ఒక తమిళ ముసలమ్మ ఉండేది. నేను బెంగపడి ఊపిరి బిగబట్టినప్పుడల్లా ఆవిడ తన మంచం పట్టె మీద వేలితో టకటక కొట్టేది. నేనూ కొట్టేదాన్ని. మా సంభాషణ అంతే. ఆవిడ ముఖం నేను చూడనేలేదు. నా కట్టు విప్పేనాటికే ఇంటికి వెళ్ళిపోయింది.

కట్టు విప్పిన తర్వాత నాలుగో రోజు మా ఆయన పాపను తెచ్చి వార్డు గుమ్మంలో నిలబెట్టాడు. అంతా ఇంకా నీళ్ళలోంచి చూసినట్టుంది. అయినా చూశాను. నా కూతురికి ఎడమ కనుబొమ పైన పుట్టుమచ్చ ఉంది. ఏడాదిన్నరగా ఆ సంగతి ఎవరూ నాకు చెప్పలేదు. అందరికీ కనిపిస్తున్నదే కాబట్టి చెప్పాలని తోచలేదు.

"ఆ కన్ను ఎవరిదండీ?" అని డాక్టరుగారిని అడిగాను.

"చెప్పకూడదమ్మా."

"ఆడమనిషా, మగమనిషా? అదైనా?"

"పొరకు ఆ తేడా లేదు" అని నవ్వి, చుక్కల మందు చేతికిచ్చాడు. "ఇది జాగ్రత్తగా వినండి. వచ్చిన పొర పరాయిది. మీ ఒళ్ళు దాన్ని పట్టి బయటికి నెట్టకుండా ఈ మందు కాపలావాణ్ణి నిద్రపుచ్చుతుంది. కాపలావాడు నిద్రపోతే దొంగలకూ సందే. తలుపు మీరే వేసుకోవాలి. కన్ను ఎర్రబడినా, వెలుతురు చూడలేకపోయినా ఆ రోజే రైలెక్కండి."

1962, ఫాల్గుణం నుంచి చైత్రం

తలుపు వేసుకోవడం మొదలుపెట్టాను. ఒక నోటుపుస్తకం కొని గీతలు గీశాను. పూటపూటకీ మందు వేసిన వేళ, కంటి రంగు, ఆ రోజు కంటికి ఏమేం తగిలాయి, ఇలా గడులు. చివరి గడిలో ఎప్పుడూ సున్నే. ఆ సున్నాలు చూసుకుని మురిసేదాన్ని.

రైల్వే కాలనీలో ఇల్లు. ఇంజన్ల బొగ్గునలుసు ఆరేసిన బట్టల మీద, నీళ్ళ తొట్టిలో, అన్నంలో కూడా పడుతుంది. కిటికీలకు తడిగుడ్డలు కట్టాం. వంట మా అత్తగారిదే. నాకు తల రుద్దాలంటే ఆవిడ నన్ను మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, తల చివర్న వేలాడేసి, కింద గంగాళం పెట్టి, నుదుటికి అడ్డంగా చెయ్యి ఉంచి వెనక్కి నీళ్ళు పోసేది. ఒక్క బొట్టు కూడా ముందుకు జారనిచ్చేది కాదు. "కోడలు మంచమెక్కె, అత్త పొయ్యి ఊదె" అని తనలో తను పాటలాగా అనుకునేది. అందులో సగం ఎత్తిపొడుపు, సగం వేళాకోళం.

పక్క క్వార్టరులో మస్తాన్‌బీ అక్క ఉండేది. వాళ్ళాయన షెడ్డువాళ్ళకు యూనిఫారాలు కుట్టే దర్జీ. మెత్తబడ్డ పాత పంచెలు చింపి, ఉడకబెట్టి, నా కంటికి అడ్డం పెట్టుకునే బిళ్ళగుడ్డలు కుట్టి, ఇస్త్రీ చేసి బిస్కత్తు డబ్బాలో పెట్టి ఇచ్చేది. "ఈ ఇస్త్రీ పెట్టె వేడికి మా ఆయన వేళ్ళే కాలిపోతుండాయి, పురుగేం బతుకుద్ది లలితమ్మా" అనేది.

గొడవంతా హారతి దగ్గర వచ్చింది. మా అత్తగారు పూజ చేసి, పళ్ళెం తెచ్చి, తన అరచేతులు మంటపై చూపి ఆ వేడి నా కళ్ళకు అద్దబోయేది. తీర్థం ఇచ్చాక ఆ తడిచెయ్యి నా కళ్ళమీదుగా తలకు రాసేది. నేను వెనక్కి తగ్గేదాన్ని.

"దేవుడికి కూడా మైల అంటగట్టినావా?"

"దేవుడికి కాదత్తా, చేతికి."

"ఈ చేతితోనేగా నీకు తలకి పోస్తుండేది. అప్పుడు లేదా మైల?"

ఆ ప్రశ్న తప్పించుకోవాలి. అందుకే ఎక్కువ మాట్లాడాను. క్రిములు, సూక్ష్మదర్శిని, కాలేజీలో నేను చూసిన గాజుపలకలు, అన్నీ చెప్పాను. ఆవిడ పళ్ళెం దించి, "సరేమ్మా, చదువుకున్నదానివి" అంది. ఆ తర్వాత నన్ను తాకకుండా హారతి దూరంగా తిప్పేది.

1962, వైశాఖం

ఎండలతో పాటు కాలనీలోకి కళ్ళకలక వచ్చింది. ఇంటికి ఇద్దరు ముగ్గురికి. ఒక ఉదయం పద్మ లేచి కళ్ళు తెరవలేక ఏడ్చింది. రెప్పలు పుసులతో అతుక్కుపోయాయి. నేను ఎత్తుకోవడానికి వంగాను. మా ఆయన అడ్డం వచ్చాడు.

"లలితా, వద్దు."

పాప చేతులు చాపింది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. రెండు మూటలు సర్దుకుని, మా అత్తగారు పాపను చంకనేసుకుని మూడో రోజు అల్లూరు బస్సెక్కింది. పోయేముందు దేవుడి గూటి దగ్గర నిలబడి, తీర్థం పుచ్చుకున్న తడిచేత్తో నా తల నిమిరింది. ఆ వేళ్ళు నుదుటి దాకా వచ్చాయి.

రెండు రోజులకు నా కన్ను ఎర్రబడింది. కిటికీ వైపు చూస్తే సూదితో పొడిచినట్టుంది. మా ఆయన సెలవు కాగితం రాసే పది నిమిషాల్లో నేనొక పోస్టుకార్డు రాశాను. "అత్తయ్యా, కన్ను ఎర్రబడింది. మద్రాసు పోతున్నాం. ఇది మీ తీర్థం చేతివల్లే. ఇక నా కంటి దగ్గరికి పూజ చేతులు రావద్దు." స్టేషనులో డబ్బాలో వేశాను. మా అత్తగారికి చదువు రాదని, పోస్టాయన అరుగు మీద నిలబడి గట్టిగా చదివి వినిపిస్తాడని నాకు తెలుసు. తెలిసే వేశాను.

ఆసుపత్రిలో బెంచీ మీద పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. వరసగా అందరి కళ్ళమీదా ఆకుపచ్చ అట్ట కప్పులు. ఎవరో నన్ను ముందుకు జరగమని చోటిచ్చారు, ఎవరో నీడలోకి మార్చారు. ఎవరు ఎవరో తెలియదు. అక్కడ అందరిదీ ఒకటే భయం, ఎవరూ దాని పేరు ఎత్తరు.

డాక్టరుగారు చూసి, "పొర మీదికి ఇంకా పాకలేదు. సమయానికి వచ్చారు. ఈ కంటిని ఏదో తాకింది" అన్నాడు.

"ఏదీ తాకలేదండీ" అని నోటుపుస్తకం చూపించాను. సున్నాల వరస.

ఆయన పేజీలు తిప్పాడు. "బాగా రాశారు. కానీ తాకింది. ఏం తాకిందో కనుక్కోండి. కనుక్కోకపోతే మళ్ళీ వస్తుంది. మళ్ళీ వస్తే నేను చెయ్యగలిగింది ఉండకపోవచ్చు."

తీర్థం సంగతి చెప్పాను. "మీ నుదురు కంటికి చాలా దూరం" అన్నాడాయన.

ఎనిమిది రోజులు వార్డులో ఉంచి పంపారు.

1962, జ్యేష్ఠం

ఇంటికి వచ్చాక ఆ "కనుక్కోండి" నా చెవిలో తిరుగుతూనే ఉంది. భయం భయంగానే ఉంది. కానీ దాని పక్కన ఇంకోటి లేచి కూర్చుంది. కాలేజీలో కప్ప గుండె ఎంతసేపు కొట్టుకుంటుందో లెక్కపెడుతూ భోజనం మరిచిన అమ్మాయి.

కంటికి కనిపించని దాన్ని పట్టుకోవాలంటే కనిపించేదాన్ని దాని వేషం వేసి వదలాలి. బట్టలకు పెట్టే నీలిమందు గుర్తొచ్చింది. ఒక ఉదయం, కంటిమీద మస్తాన్‌బీ అక్క ఇచ్చిన తెల్ల బిళ్ళగుడ్డను, కింది సందులోంచి చూపు ఆనేలా, వేలాడగట్టుకుని, తలుపు గడియకు, చెంబు అంచుకు, పాప బొమ్మకు పొడి నీలిమందు చిటికెడు చిటికెడు రాశాను. మా ఆయనకు చెప్పాను. "నాకు పిచ్చిదానితో పెళ్ళి చేశారని ఇప్పుడు తెలిసింది" అని గడియ తీసి ఆఫీసుకు పోయాడు.

సాయంకాలానికి ఇల్లంతా నీలం. కుండ మూత, మంచం పట్టె, దువ్వెన, ఉప్పుడబ్బా, నా జాకెట్టు అంచు. మా ఆయన చెవి తమ్మె నీలం. ఆఫీసులో అందరూ అడిగారట. ఒక చెయ్యి పగలంతా ఎన్నిచోట్లకు పోతుందో చూసి భయపడాలో నవ్వాలో తెలియలేదు. చివరికి అద్దం ముందు నిలబడ్డాను.

ఎడమ కంటి బిళ్ళగుడ్డ మీద వేలిముద్ర. కుడి రెప్ప మీద వేలిముద్ర. రెండూ ఒకే ఎత్తులో, ఒకే పరిమాణంలో.

నేను కన్ను ముట్టుకోలేదు. ఒట్టు పెట్టి చెప్పేదాన్ని. కానీ ముద్రలు నావే. చాలాసేపు చూస్తూ ఉంటే ఒక సంగతి తట్టింది. దురదకు చెయ్యి ఒక కంటికే పోతుంది. రెండు కళ్ళకూ సమానంగా పోయేది భక్తికి మాత్రమే.

దేనికి? పూజ నేను చెయ్యను. హారతి ఇంట్లో లేదు.

మర్నాడు మస్తాన్‌బీ అక్కను కుట్టుపనితో మా వరండాలో కూర్చోమన్నాను. నా చెయ్యి కంటి దగ్గరికి పోతే చెప్పమన్నాను. నేను నా పనిలో పడ్డాను. మందు వేళయింది. చేతులు కడుక్కున్నాను. మందు వేసుకున్నాను. నోటుపుస్తకం తీశాను.

"ఇదిగో, ఇప్పుడు!"

ఉలిక్కిపడ్డాను. పుస్తకం నా ఎడమచేతిలో ఉంది. కుడిచెయ్యి అట్టను తాకి కళ్ళ దగ్గరికి వచ్చి ఉంది.

అక్షరాభ్యాసం నాటి నుంచి, పుస్తకం తెరిచే ముందు కళ్ళకద్దుకోవడం. కాలు తగిలితే కళ్ళకద్దుకోవడం. పరీక్ష హాలులో ప్రశ్నపత్రాన్ని కూడా అద్దుకున్నదాన్ని. కళ్ళకలకతో పద్మ మూడు రోజులు ఆడుకున్నది ఆ పుస్తకంతోనే. పుసులు తుడిచిన చేతులతో అట్ట పట్టుకుని నమిలింది కూడా. నేను రోజుకు నాలుగుసార్లు దాన్ని తాకి, కళ్ళకద్దుకుని, తెరిచి, "ఏదీ తాకలేదు" అని సున్నా చుట్టాను.

"అక్కా, ఇది నువ్వు ఇంతకుముందు ఎప్పుడైనా చూశావా?"

"రోజూ చూస్తానే ఉండా గదమ్మా."

"మరి చెప్పలేదే!"

"నీ దేవుడి పుస్తకమేమో అనుకున్నా. మేమూ మా కితాబు కళ్ళకు పెట్టుకుంటాం. కళ్ళకు పెట్టుకునే పుస్తకం దగ్గర నోరు జారగూడదని గమ్మునున్నా" అంది.

ఆ మధ్యాహ్నం ఇంకో కార్డు రాశాను. ఉత్తరం రాసి కవరులో పెట్టి అంటించవచ్చు. కానీ మొదటిది ఎవరు విన్నారో రెండోదీ వాళ్ళే వినాలి. "అత్తయ్యా, తప్పు మీ చేతిది కాదు, నాది. నేను నోటుపుస్తకాన్ని కళ్ళకద్దుకుంటున్నాను. పాప చేతి కలక దానిమీదే ఉంది. మీమీద అన్యాయంగా రాశాను. క్షమించి పాపను తీసుకుని రండి."

వారానికి వచ్చింది. పద్మ కళ్ళు తేటగా ఉన్నాయి, ఒళ్ళు కాస్త నల్లబడింది. మా అత్తగారు చంకలో పాపను దించకుండానే మొదలుపెట్టింది.

"మొదటి కార్డుకి అరుగుమీద పదిమంది ఉండారు. రెండోదానికి ఊరంతా వచ్చినారు. పోస్టాయన రెండుసార్లు చదివినాడు, చెవిటి రంగమ్మ కోసం."

"నా తప్పే అత్తా."

"నేను దేవుడికి దణ్ణం పెడితే పల్లెటూరి మొద్దు. నువ్వు లెక్కల పుస్తకానికి పెడితే చదువుకున్నది. అంతేనా?"

"అంతే."

ఆవిడకు నవ్వు ఆగలేదు. నాకూ ఆగలేదు. నవ్వుతూనే నేను ఏడ్చాను, కన్ను తుడవకూడదు కాబట్టి అది అలా కారుతూనే ఉంది. ఆవిడ డబ్బాలోంచి ఇస్త్రీ గుడ్డ తీసి, అంచులతో పట్టుకుని, చెంప దగ్గరే ఆపి అద్దింది.

"దణ్ణం పెట్టాల్సిన మహానుభావుడెవరో నీ కంట్లోనే ఉండాడు గదా. ఇంక చెయ్యి ఆడికెందుకు?" అంది. "బొజ్జకద్దుకో. అన్నం పెట్టేది చదువే అంటివిగా."

ఆ మాట వేళాకోళానికే అంది. కానీ పాతికేళ్ళ అలవాటు వద్దంటే పోదు. దానికి వేరే దారి చూపాలి. అలా ఆ ఏడాదంతా, చెయ్యి పైకి లేచినప్పుడల్లా కిందికి దించడం నేర్చుకున్నాను. హారతి కూడా మా అత్తగారు నా పొట్టకే చూపించేది. వచ్చినవాళ్ళు వింతగా చూసేవాళ్ళు. కన్ను మళ్ళీ ఎర్రబడలేదు.

కావలి ఆవిడకు ఇదంతా చెప్పి, జాబితా చివర ఒక మాట రాసుకోమన్నాను. చెయ్యకూడనివి ఎన్ని గుర్తుపెట్టుకున్నా చాలదు. తెలియకుండా చేసేది ఏదో ఉంటుంది. ఎదుటివాళ్ళ చేతులకంటే ముందు మీ చేతులకు నీలిమందు రాసుకోండి.

పద్మకు ఇప్పుడు నాలుగేళ్ళు. నిన్న సాయంకాలం గంతులేస్తూ వచ్చి నేల మీదున్న ఈ కాగితాలను తొక్కింది. గబుక్కున ఆగి, వంగి, కాగితాన్ని వేలితో తాకి, గౌను పైకెత్తి బొజ్జకద్దుకుంది. నా వైపు చూడనుకూడా లేదు. అందరూ అలాగే చేస్తారనుకుంటున్నట్టుంది. బళ్ళో వేస్తే తెలుస్తుంది. అప్పటిదాకా నేను చెప్పను.